వసారాలో వక్కపలుకు

నాకు బడి చదువు లేదు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది. కుప్పనూర్పుల కాలంలో గాలిలో ఊకనుసి లేచిందంటే ఊపిరి పట్టేసేది. బళ్ళో కూర్చోబెడితే మధ్యాహ్నానికల్లా ఎవరో ఒకరు సైకిలు మీద తెచ్చి ఇంటి దగ్గర దింపేవారు. కొన్నాళ్ళు చూసి మా నాన్న, "చదువే మనింటికి వస్తుందిలే," అన్నారు. పొద్దున అమ్మ దగ్గర స్తోత్రాలు, మధ్యాహ్నం నాన్న దగ్గర తక్కినవి. తక్కినవంటే, ఇంట్లో ఏ పుస్తకం ఉంటే అది. ఆయన రాజమండ్రిలో డిగ్రీ చదివిన రోజుల్లో ఇంగ్లండు చరిత్ర ఒక పేపరట. అట్ట ఊడిపోయిన ఆ పుస్తకం మా అటక మీద ఉండబట్టి, మన గోదావరి ఎక్కడ పుట్టిందో తెలియకముందే వెయ్యేళ్ళ కిందటి ఆంగ్లో-సాక్సన్ రాజుల సంగతులు నాకు తెలుసు. దానికి నాన్నకి ఈ రోజుకీ దణ్ణం పెట్టుకుంటాను.

ఆ పాఠాలన్నిట్లోకీ నాకు నచ్చింది విటాన్. రాజుగారి సలహా సభ అది. ఆ మాటకి తెలివిగలవాళ్ళు అని అర్థమట. బిషప్పులు, సీమల్ని ఏలే పెద్దలు, రాజుని నమ్ముకుని ఉన్న భూస్వాములు అందులో కూర్చునేవారు. దానికో భవనమంటూ లేదు. పెద్ద పండక్కి రాజు ఏ ఊళ్ళో మకాం వేస్తే సభ ఆ ఊళ్ళోనే. శాసనం చెయ్యాలన్నా, ఎవరికైనా భూమి రాసివ్వాలన్నా, యుద్ధమన్నా, సంధన్నా రాజు వాళ్ళ మాట అడిగేవాడు. రాజు పోతే తరవాతి రాజెవరో తేల్చేదీ వాళ్ళే.

"ఎవరు పడితే వాళ్ళు వెళ్ళొచ్చా నాన్నా?"

"అబ్బే. రాజు పిలవాలి."

"పిలవకపోతే?"

"పిలవకపోతే ఎంత తెలివిగలవాడైనా ఇంటి దగ్గర పశువుల్ని చూసుకుంటూ కూర్చోవాలి."

"మరి ఆడవాళ్ళో?"

నాన్న కాసేపు పుస్తకం తిరగేశారు. "రాణిగారు కూర్చునేదట. మఠాలు నడిపే పెద్దమ్మలు కొందరు వచ్చేవారట ఒకప్పుడు."

ఆ పెద్దమ్మలు నా కళ్ళల్లో అలా ఉండిపోయారు. తెల్లటి బట్టలు, చేతికర్ర, ఎవరికీ భయపడని గొంతు. అంతమంది మగవాళ్ళ మధ్య వాళ్ళు ఏం మాట్లాడి ఉంటారో అనుకునేదాన్ని.

పెళ్ళయి కాపరానికి వెళ్ళాక ఆ సభ నాకు పాలకొల్లుకి ఇవతల ఒక పల్లెలో, మా మావయ్యగారి వసారాలో కనిపించింది.

మావయ్యగారు ఉయ్యాలబల్ల మీద కూర్చునేవారు. పక్కన ఇత్తడి వక్కల పెట్టె, చేతిలో అడకత్తెర. అత్తయ్యగారు నా పెళ్ళికి ముందే పోయారు. మావయ్యగారి అక్కగారు చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేశారు. ఇంటికి ఆవిడే పెద్ద దిక్కు. ఆవిణ్ణి పెద్దత్తయ్యగారు అని పిలిచేదాన్ని. ఏదైనా తేల్చుకోవాల్సిన సంగతి వచ్చినప్పుడు, దాళ్వా పంటకి ఏ విత్తనం చల్లాలి, ధాన్యం ఇప్పుడే అమ్మాలా ఆపాలా, ఎవరింటి సంబంధానికి ఏం జవాబు చెప్పాలి, ఇలాంటివి వచ్చినప్పుడు, పాలకొల్లు నుంచి మా ధాన్యం కొనే షావుకారుగారికి కబురు వెళ్ళేది. పెద్ద పాలేరు వచ్చి గుమ్మం పక్కన గోడకి ఆనుకునేవాడు. పెద్దత్తయ్యగారు పీట వేసుకునేవారు. కొడుకులిద్దరూ అరుగు చివర. మావయ్యగారు వక్క కత్తిరించి ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పలుకు పెట్టేవారు. అందరూ నోట్లో వేసుకున్నాకే మాట మొదలు. పలుకు అందినవాళ్ళు కూర్చుంటారు. అందనివాళ్ళు వాళ్ళ పని మీద వాళ్ళు లేచి వెళ్ళిపోతారు. వెళ్ళమని ఎవరూ అనరు.

ఈ పద్ధతి నాకెవరూ విడమరిచి చెప్పలేదు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి అది చెప్పాల్సిన సంగతే కాదు. కాఫీ గ్లాసులు పెడుతూ, తీస్తూ, కొన్ని నెలలకి నా అంతట నేనే కనిపెట్టాను. కనిపెట్టిన రోజు సంతోషమే కలిగింది. ఇదిగో విటాన్ అనుకున్నాను. పీట మీద మఠం పెద్దమ్మ కూడా ఉంది. ఈసారి నన్నూ పిలుస్తారు అనుకున్నాను. పెద్దకోడల్ని కదా.

పిలవలేదు. మా పెద్దవాడు పుట్టాడు, పాకాడు, నడిచాడు. నాకు పలుకు అందలేదు.

కాపరానికి వచ్చిన కొత్తలో మాత్రం ఒకసారి ఇవ్వబోయారు. అప్పటికి నాకు ఆ ఇంటి ఆనవాయితీ ఏదీ తెలియదు. కార్తీకమాసం. గ్లాసులు తియ్యడానికి వంగితే నా వైపు ఒక పలుకు చాపారు. ఆ రోజు ఉపవాసం. పైగా మా పుట్టింట్లో కోడళ్ళు పెద్దల ఎదుట వక్క నమలరు. "నాకొద్దండి మావయ్యగారూ," అన్నాను తల దించుకుని. "సరేనమ్మా," అని పెట్టెలో వేసేశారు. కొత్తకోడలు కదా, మర్యాదకి ఇచ్చారనుకున్నాను. ఆ సంగతి అక్కడితో మర్చిపోయాను.

మూడేళ్ళకి మా మరిదికి పెళ్ళయింది. తణుకు పిల్ల. బీకాం చదివింది. వాళ్ళ నాన్నగారికి చెరుకు తోటలు. మాట పెదవి మీదే ఉంటుంది. వచ్చిన వారానికే మావయ్యగారు వక్క చాపితే, అరచెయ్యి పట్టి తీసుకుని నోట్లో వేసుకుంది.

"అబ్బ, చేదండి మావయ్యగారూ," అంది.

"అలవాటవుతుందిలే. కూర్చోమ్మా," అన్నారాయన.

కూర్చుంది. అలా వెళ్ళి, పెద్దత్తయ్యగారి పక్కనే చాప మీద కూర్చుంది. నేను కాఫీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. గ్లాసులన్నీ పెట్టి ఖాళీ పళ్ళెంతో వంటింట్లోకి వచ్చాను. పాలు పొంగుతున్నాయి. పొంగనిచ్చాను.

మా వంటింటి కిటికీ వసారాలోకే. అక్కడ మాట్లాడేది సగం వినపడుతుంది, సగం వినపడదు. మాట వినపడకపోతే పోయింది. ఆ పిల్ల వక్క కొరికిన చప్పుడు మాత్రం వినపడేది. పెద్దవాళ్ళంతా బుగ్గన పెట్టుకుని నానబెడితే ఆ పిల్ల పటుక్కున కొరికేది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. కత్తిపీట ముందు కూర్చుని ఆనపకాయ తరుగుతుంటే ఆ పటుక్కు వినగానే చెయ్యి ఆగిపోయేది.

ఒకసారి షావుకారుగారు ఏదో అన్నారు, ఆ పిల్ల ఏదో బదులు చెప్పింది, అందరూ నవ్వారు. మావయ్యగారు కూడా నవ్వారు. ఆ ఇంట్లో ఆయన నవ్వడం నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. ఏమన్నదో తెలుసుకోవాలని సాయంత్రం పెద్దత్తయ్యగారిని అడిగాను.

"ఏదో లెక్కల మాటే. నాకేం తెలుస్తుంది. ఆ పిల్ల మాట్లాడితే మా తమ్ముడికి హుషారు," అన్నారావిడ.

చదువు, అనుకున్నాను. బీకాం కాగితం ఉంది కాబట్టి చాప మీద చోటు. నా చదువుకి కాగితం లేదు. వెయ్యేళ్ళ కిందటి రాజు సభలో ఎవరెక్కడ కూర్చునేవారో నాకు తెలుసు, మా ఇంటి వసారాలో నాకు చోటు లేదు.

మా ఆయన్ని అడిగాను. "మీ నాన్నగారు నన్నెప్పుడూ ఎందుకు పిలవరండీ?"

"ఎక్కడికి?"

"వసారాలోకి."

"రోజూ వస్తూనే ఉంటావుగా, కాఫీ పట్టుకుని," అన్నారు.

ఆయన అలాంటి మనిషి. మనసులో వంకర లేదు, ఎదుటివాడి మనసులో ఉంటుందనీ తెలియదు.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు. సాయంత్రం దీపం పెట్టాక, ఇంట్లో ఒక్కొక్కరినీ తలుచుకుని, ఈ మనిషిని నాకిచ్చావు స్వామీ అని పాలకొల్లు క్షీరారామలింగేశ్వరుడికి దణ్ణం పెట్టుకుంటాను. మావయ్యగారు, పెద్దత్తయ్యగారు, మా ఆయన, మరిది, పిల్లవాడు, పాడిగేదె కూడా. తోడికోడలు వచ్చాక ఆ వరసలో ఆ పిల్లనీ చేర్చాను. కొన్నాళ్ళకి ఆ పిల్ల దగ్గరికి వచ్చేసరికి నోరు పెగిలేది కాదు. ముందు గేదెకి చెప్పుకుని, తరవాత చూద్దాంలే అనుకునేదాన్ని. దీపం ఈలోగా కొండెక్కేది.

ఇంకొకటి కూడా చేసేదాన్ని. ఆ పిల్ల కాఫీలో పంచదార తగ్గించేదాన్ని. కొంచెమే. ఒకరోజు వంటింట్లోకి వచ్చి, "అక్కయ్యా, మీ చేతి కాఫీ మా అమ్మ చేతి కాఫీలాగే ఉంటుంది. తీపి తక్కువ. అందరూ పాయసంలా చేసేస్తారు," అంది. ఆ రోజు నుంచి పంచదార ఎక్కువ వెయ్యాలో తక్కువ వెయ్యాలో తెలియక చేతికొచ్చినంత వేసేదాన్ని.

ఇలా ఉండగా మావయ్యగారికి ఎడమ పక్క కాస్త పట్టు తప్పింది. భీమవరం డాక్టరు చూసి, ప్రాణానికేం ఫరవాలేదు, పొలాలు, తగువులు తగ్గించుకోమన్నారు. ఎడమ చెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. అడకత్తెరలో వక్క పట్టి ఉంచాలంటే రెండో చెయ్యి కావాలి. పలుకు జారిపోయి వసారా అంతా దొర్లేది. ఒకరోజు చూసి చూసి, "ఇలా రామ్మా, ఇది కత్తిరించు," అని పిలిచారు. పిలిచింది చిన్నకోడల్ని.

అప్పుడు నేను పక్కనే ఉన్నాను. మంచినీళ్ళ చెంబు పట్టుకుని, చెయ్యి చాపితే అందేంత దూరంలో.

అడకత్తెర కూడా ఆ పిల్ల చేతికే వెళ్ళింది. సన్నగా, పువ్వురేకుల్లా కత్తిరించేది. అంత బాగా కత్తిరించకపోయినా నాకు కాస్త ఊరటగా ఉండేదేమో.

కార్తీకమాసం వచ్చింది. కోతలు దగ్గర పడ్డాయి. మావయ్యగారు ఇంటి పెత్తనం ఎవరో ఒక కొడుకు చేతిలో పెట్టేయాలనుకున్నారు. భూములు పంచడం కాదు. అందరం కలిసే ఉంటాం, నీళ్ళ వంతులూ, కూలీలూ, అమ్మకాలూ ఇక ఎవరి మాట మీద నడవాలో తేలాలి. సోమవారం పొద్దున్నే కూర్చుందామని షావుకారుగారికి కబురంపారు. ఇది తమ గురించే కాబట్టి కొడుకులిద్దరూ ఉండకూడదన్నారు.

అంటే మా ఆయన సంగతి తేల్చే సభ. అందులో నా తోడికోడలు కూర్చుంటుంది. నేను కాఫీ తీసుకెళ్తాను.

ఆదివారం సాయంత్రం ఇద్దరం పెరట్లో కొబ్బరి కోరుతున్నాం. పెద్దత్తయ్యగారు ఎదురుగా కూర్చుని ఒత్తులు చేసుకుంటున్నారు.

"అక్కయ్యా, రేపు మీరూ వచ్చి కూర్చోకూడదూ," అంది ఆ పిల్ల.

"పిలవని పేరంటానికి ఎవరొస్తారమ్మా," అన్నాను. గొంతులో పుల్లదనం నాకే తెలిసింది.

"పిలవకపోవడమేంటి. మీరే వద్దన్నారటగా."

"ఎవరన్నారు?"

ఆ పిల్ల పెద్దత్తయ్యగారి వైపు చూసింది. ఆవిడ తలెత్తకుండా, "ఔనే. కాపరానికొచ్చిన నెల తిరక్కుండానే వక్క చాపితే వద్దన్నావుగా. మావాడు లోపలికొచ్చి నాతో అన్నాడు, అక్కా, పెద్దకోడలికి ఈ గొడవలు ఇష్టం లేవు, దేవుడి ధ్యాస పిల్ల, మనం బలవంతం చెయ్యకూడదూ అని. మర్యాదస్తుడు కదా. మళ్ళీ అడగలేదు," అన్నారు.

కోరాం పక్కకి జరిపాను.

"ఉపవాసమండి ఆ రోజు," అన్నాను.

"ఆ మాట అనొచ్చుగా మరి."

"వక్క అంటే సభ అని నాకేం తెలుసు అత్తయ్యగారూ."

"నీకు తెలియదని మాకేం తెలుసు," అన్నారావిడ. మళ్ళీ ఒత్తి పేనుకోవడం మొదలుపెట్టారు.

తోడికోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇన్నేళ్ళూ ఉపవాసమే చేశారన్నమాట అక్కయ్యా," అంది.

కారణం తెలిస్తే కడుపుమంట చల్లారుతుందనుకుంటాం. నాకు చల్లారలేదు. అడ్డొచ్చింది బీకాం కాదని తేలింది. ఆ పిల్ల నా చోటు లాక్కోలేదనీ తేలింది. అయితే మాత్రం? ఇచ్చినప్పుడు చెయ్యి చాపి తీసుకోవడం ఆ పిల్లకి తెలుసు. చేదుగా ఉంటే చేదని చెప్పడం తెలుసు. రోజూ దేవుడికి ఇన్ని ఇచ్చావని దణ్ణాలు పెట్టే నాకు, మనిషి చేతిలోంచి ఒక వక్కపలుకు తీసుకోవడం చేతకాలేదు. ఇప్పుడు ఆ చేతిని చూసి ఏడ్చాను. బీకాం అయితే ఎప్పుడైనా ఫీజు కట్టి రాయొచ్చు. ఇది ఏ కాలేజీలో చెప్తారు?

సోమవారం పొద్దున్నే తలకి పోసుకుని, తులసికోట దగ్గర దీపం పెట్టి, కాఫీ కలిపాను. షావుకారుగారు స్కూటరు మీద వచ్చారు. పెద్ద పాలేరు గోడకి ఆనుకున్నాడు. కొడుకులిద్దరూ పొలం వెళ్ళారు. చిన్నకోడలు వక్క కత్తిరించి పెట్టెలో వేస్తుంటే మావయ్యగారు కుడి చేత్తో తీసి ఇస్తున్నారు. నేను గ్లాసులు పెట్టాను. పళ్ళెం గోడవారగా నిలబెట్టాను. వెనక్కి తిరగలేదు.

"మావయ్యగారూ, నాకూ ఇవ్వండి," అన్నాను.

నా చెయ్యి అలా చాపి ఉంది. మావయ్యగారు కాలితో ఉయ్యాల ఆపారు.

పెద్దత్తయ్యగారు అన్నారు: "ఇవాళ సోమవారం కదే. పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టవుగా."

మావయ్యగారు పలుకు చేత్తో పట్టుకుని నన్ను చూశారు. "ఆ రోజు కూడా సోమవారమేనామ్మా?"

అంటే ఆయనకి గుర్తుంది.

"అవునండి."

"చెప్పొచ్చుగదమ్మా."

"నువ్వడగొచ్చుగదరా," అన్నారు పెద్దత్తయ్యగారు. నేను అనలేనిది ఆవిడే అనేశారు.

ఆయన పలుకు నా అరచేతిలో పెట్టారు. నోట్లో వేసుకుంటే ఉపవాసం పోతుంది. వేసుకోకపోతే మాట మొదలవదు. చిన్నప్పటి నుంచి కార్తీక సోమవారం ఒక్కటి కూడా తప్పినదాన్ని కాదు. స్వామీ, నువ్వే చూసుకో అనుకుని పిడికిలి బిగించాను.

"కొంగున కట్టుకో," అన్నారు మావయ్యగారు. "సాయంత్రం నక్షత్రం చూశాక కూర్చుందాం."

షావుకారుగారు గ్లాసు కింద పెట్టేశారు. "గురువుగారూ, సాయంత్రం నాకు లారీ లోడింగు ఉందండి."

"లారీ రేపుంటుంది. సోమవారం రేపుండదు," అన్నారు మావయ్యగారు.

ఆయన స్కూటరు తీసుకుని గొణుక్కుంటూ వెళ్ళారు. పాలేరు పశువుల పాకలోకి వెళ్ళాడు. నా తోడికోడలు వక్కల పెట్టె మూసింది. మూత గట్టిగానే పడింది. వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడి, "మొన్న శ్రావణ శుక్రవారం నాకు వ్రతం ఉందన్నా మావయ్యగారు ఆపలేదు. మీకోసం సభే ఆపేశారు," అంది.

అలా అన్నప్పుడు ఆ పిల్ల ముఖం చూశాను. ఆ ముఖం నాకు బాగా తెలిసినదే. ఇన్నేళ్ళూ అద్దంలో చూసుకుంటున్నది. నా మనసు ఎంత సంబరపడిందో చెప్పకూడదు. ఉపవాసం రోజున అలాంటి సంబరం మంచిది కాదు. అయినా పడింది.

ఆ సాయంత్రం మబ్బు పట్టింది. కొడుకులిద్దర్నీ పాలకొల్లు గుళ్ళో దీపాలు పెట్టి రమ్మని పంపించేశారు. షావుకారుగారు తిరిగొచ్చారు. చీకటి పడుతున్నా ఒక్క చుక్కా కనపడదు. అందరూ పెరట్లోకొచ్చి తలలెత్తి నిలబడ్డారు. మావయ్యగారు కర్ర ఊతంతో, పెద్దత్తయ్యగారు నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని. "అదేనేమో," అని షావుకారుగారు అంటే, "అది సెల్ టవరు దీపమండి," అంది నా తోడికోడలు. చివరికి పెద్ద పాలేరు కొబ్బరిచెట్ల సందులోంచి చూపించాడు. "అదుగో అమ్మగారూ. మీ చుక్క."

దణ్ణం పెట్టుకుని, దేవుడి తీర్థం తీసుకుని, కొంగు ముడి విప్పి పలుకు నోట్లో వేసుకున్నాను. నిజంగానే చేదు.

అందరం వసారాలో కూర్చున్నాక మావయ్యగారు ముందు నన్నే అడిగారు. "చెప్పమ్మా. నీ మాటేంటి?"

అంతకాలం కిటికీలోంచి విన్నదాన్ని, నోట్లో వక్క ఉంచుకుని ఒక్క మాట దొరక్క కూర్చున్నాను. మా ఆయన పెద్దవాడు. వరసా ఆయనదే. ఆ పేరు చెబితే ఎవరూ తప్పుపట్టరు. కానీ కిందటి దాళ్వాలో మా వంతు నీళ్ళు పక్క చేనువాడు బతిమాలుకుంటే మా ఆయన ఇచ్చేశారు. మా చేను నెర్రెలిచ్చింది. మరిది మూడు రోజులు తూము దగ్గరే పడుకుని నీళ్ళు మళ్ళించి ఆ చేను నిలబెట్టాడు. మా ఆయన ఎవరినీ లేదనలేరు. పెత్తనం చేసేవాడు రోజుకి పదిసార్లు లేదనాలి.

ఇంకో వైపు, పెత్తనం మరిదికి వెళ్తే ఇంటి తాళాలు ఆ పిల్ల నడుముకి. అడకత్తెరతో పాటు అవి కూడా.

"మా నాన్నగారు చెప్పిన కథొకటి ఉందండి," అన్నాను. "ఇంగ్లండులో వెయ్యేళ్ళ కిందట ఒక రాజు పోయాడు. కొడుకులున్నారు గానీ పసివాళ్ళు. సముద్రం మీంచి శత్రువులు వచ్చి పడుతున్నారు. అప్పుడు సభవాళ్ళు పిల్లల్ని కాదని, రాజుగారి తమ్ముణ్ణి కూర్చోబెట్టారు. వరస చూడలేదండి. మొయ్యగలవాణ్ణి చూశారు."

"ఎక్కడి రాజులమ్మా అవి," అన్నారు షావుకారుగారు.

"ఆ తమ్ముడు బాగా ఏలాడా అమ్మగారూ?" అని పాలేరు అడిగాడు.

"చాలా బాగా ఏలాడట."

"ఆ పిల్లలు ఊరుకున్నారా మరి?" అన్నారు పెద్దత్తయ్యగారు.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఒకడు తిరగబడ్డాడటండి. ఆ తమ్ముడు పోయాక."

"నీ కొడుకు తిరగబడతాడంటావా?"

మా పెద్దవాడు అప్పుడే వాకిట్లో మూడు చక్రాల సైకిలు బురదలో ఇరికించి ఏడుస్తున్నాడు. అందరూ అటు చూసి నవ్వారు. మావయ్యగారు కూడా నవ్వారు. నా మాటకి నవ్వారు.

"అయితే నీ మాట చిన్నవాడికా?" అన్నారాయన.

"అవునండి."

తోడికోడలి వంతు వచ్చింది. నాలాగా చుట్టూ తిప్పలేదు. "మా ఆయనకే ఇవ్వండి మావయ్యగారూ. ఆయనే చూడగలరు. బావగారు దేవుడు, దేవుడికి పెత్తనమెందుకండి," అంది. నేను ఇంగ్లండు దాకా వెళ్ళొచ్చి చెప్పిన మాట ఆ పిల్ల ఉన్నచోటే కూర్చుని చెప్పేసింది. అప్పుడు కూడా మళ్ళీ కుళ్ళుకున్నాను.

అలాగే తేలింది. పెత్తనం మా మరిదికి వెళ్ళింది. గుళ్ళోంచి వచ్చాక మా ఆయనకి నేనే చెప్పాను.

"నన్ను గద్దె దింపేశావన్నమాట," అన్నారు.

"ఎక్కిందెప్పుడండీ దిగడానికి."

ఆయన ప్రసాదం పొట్లం విప్పుతూ, "అమ్మయ్య," అన్నారు. ఆ మాట తేలిగ్గా, లోపలి నుంచి వచ్చింది. ఆయన్ని నాకిచ్చినందుకు స్వామికి ఇంకోసారి దణ్ణం పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున వసారాలో తాళాలు ఆ పిల్ల నడుమున మోగుతున్నాయి. పూజగది తాళం మాత్రం తీసి నాకు పంపించింది. నేను కాఫీ పళ్ళెంతో వెళ్ళాను. మావయ్యగారు కళ్ళు మూసుకుని ఊగుతున్నారు. ఆ పిల్ల అడకత్తెర మూసి, మొదటి పలుకు నా ముందు చాపింది.

"అక్కయ్యా, ఇవాళ ఉపవాసమేం లేదుగా?"

పళ్ళెం కింద పెట్టి చెయ్యి చాపాను. పెద్దత్తయ్యగారి పీట పక్కన చాప మీద కూర్చున్నాను. పలుకు సన్నగా, వెలుతురు అవతలికి కనిపించేలా ఉంది. నేను ఎంత నేర్చుకున్నా అంత సన్నగా కత్తిరించలేను. బుగ్గన పెట్టుకోకుండా పటుక్కున కొరికాను.

ఆ సాయంత్రం దీపం పెట్టి వరసగా అందరినీ తలుచుకున్నాను. ఆ పిల్లని గేదె కంటే ముందే తలుచుకున్నాను. ఈ మనిషిని నాకిచ్చావు స్వామీ అన్నాను. కాసేపాగి, ఇంత సన్నగా కత్తిరించే చెయ్యి ఆ పిల్లకే ఎందుకిచ్చావు అని కూడా అడిగాను. దీపం నిలకడగానే వెలుగుతోంది.